బ్రహ్మచారి మొక్కు

మా మెట్టుగూడ బస్తీలో వినాయకుడి లడ్డూ వేలంపాట పాడాలంటే బ్రహ్మచారే పాడాలి. పందిరికి మైకు అద్దెకు తెస్తారు గానీ, చారి కుర్చీ ఎక్కి ఒక్క కేక పెట్టాడంటే ఆ మైకు ఎందుకు తెచ్చామా అని తెచ్చినవాళ్ళే నవ్వుకుంటారు. పాడుకునేవాళ్ళను కవ్విస్తాడు, వెనక్కి తగ్గినవాణ్ణి పేరు పెట్టి పిలుస్తాడు, వాళ్ళ తాతది ఎంత పెద్ద చెయ్యో పదిమందికీ గుర్తుచేస్తాడు. ఆ పూటకు అతనే రాజు. తెల్లారితే మళ్ళీ బాడిస, ఉలి, చెక్కపొట్టు.

పేరుకు బ్రహ్మచారి గానీ పెళ్ళయి ముప్పై ఏళ్ళు కావస్తోంది. ఈ సంగతి మీద నేను వేసిన జోకులు ఎన్నో నాకే గుర్తులేదు. అన్నిటికీ ఒకేలా నవ్వేవాడు. కులవృత్తి వడ్రంగం. రైల్వే క్వార్టర్ల వెనక సందులో దుకాణం. ఆ దుకాణం సంపాదనతోనే రెండంతస్తుల ఇల్లు నిలబెట్టాడు. కింద అతనూ, భార్య లచ్చమ్మా, కూతురు నవతా. పైన మేము, అద్దెకు. సామర్లకోట నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చిన నేను రిటైరయ్యాక కూడా ఆ ఇల్లు వదల్లేదంటే సగం కారణం చారి కబుర్లు.

మనిషిని చూస్తే ముందు కనిపించేది గడ్డమే. గుండెల దాకా దిగి, మీసంతో కలిసిపోయి, మొహంలో సగం దానిదే. పెళ్ళిచూపులకే ఆ గడ్డంతో వచ్చాడట. ఇదేమిటని లచ్చమ్మ తండ్రి అడిగితే వేములవాడ రాజన్నకు మొక్కున్నదని చెప్పాడట. దేవుడి పేరు వచ్చాక ఇంకెవరు నోరెత్తుతారు? పెళ్ళయ్యాక తీస్తాడనుకున్నారు. ఇల్లు కట్టినంక అన్నాడు. ఇల్లయింది. బిడ్డ పుట్టినంక అన్నాడు. బిడ్డ పుట్టింది, నడిచింది, డిగ్రీ పూర్తి చేసింది, గడ్డం మాత్రం అలాగే ఉంది. పోనీ భక్తి తక్కువా అంటే అదీ కాదు. ఏటా శివరాత్రికి వేములవాడ వెళ్ళి తలనీలాలు ఇచ్చి వచ్చేవాడు. నున్నటి గుండు, దాని కింద నిండు గడ్డం. తల ఇచ్చేసి గడ్డం దాచుకున్న భక్తుణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ మాట అతని మొహం మీదే అన్నాను. దానికి మాత్రం నవ్వలేదు.

నవత గురించి చెప్పాలి. చురుకైన పిల్ల. మెట్రో ఎక్కి బేగంపేట వెళ్తుంది, అక్కడో హోటల్లో గదుల బుకింగ్ చూసే ఉద్యోగం. కళ్ళు పెద్దవి, నవ్వితే బాగుంటుంది. కానీ గదవ, అంటే చుబుకం, చిన్నది. కింది పెదవి దగ్గరే మొహం అయిపోయి, అక్కడి నుంచి నేరుగా మెడ మొదలైనట్టు ఉంటుంది. చూసేవాళ్ళకు అది పెద్ద విషయం కాదు. అద్దంలో చూసుకునే పిల్లకు మాత్రం అదే విషయం. కరోనా అందరికీ కష్టం తెచ్చిపెడితే నవతకు మాస్కు తెచ్చిపెట్టింది. లోకమంతా తీసేసినా ఆ పిల్ల తీయలేదు. దుమ్ము పడదని ఆఫీసులో చెప్పుకుంది.

ఆ గదవ లచ్చమ్మ మేనత్త నాంచారమ్మ పోలిక అని ఆ ఇంట్లో అందరి నమ్మకం. పురుడు రోజున ఎవరో ముసలావిడ పిల్లను ఎత్తుకుని ఈ గదవ ఎవరిదే అని అడిగిందట. మూలన కూర్చున్న నాంచారమ్మ వైపు చూపించి ఆమెదే అన్నాడట చారి. నాంచారమ్మకు అప్పటికే పళ్ళన్నీ ఊడి, నోరు లోపలికి పోయి ఉంది. అందరూ నవ్వారు. నాంచారమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. పిల్లల్లేని మనిషి. ఈ పిల్ల నా పోలిక అని ఊరంతా చెప్పుకుంది. సిద్దిపేట దగ్గర తన ఊరి నుంచి వచ్చినప్పుడల్లా సకినాలో, జొన్న పేలాలో మూట కట్టుకుని వచ్చేది. నవత కాస్త పెద్దదై బళ్ళో పిల్లలు వెక్కిరించడం మొదలుపెట్టాక, ఆ ముసలమ్మ ముద్దు పెట్టుకోబోతే విదిలించి కొట్టేది. నీ మూతే నాకు తగిలింది, మా ఇంటికి రాకు అని ఒకసారి నేను వింటుండగానే అంది. ఆమె రావడం మానేసింది. రెండేళ్ళ క్రితం ఆమె చనిపోతే లచ్చమ్మ ఒక్కతే వెళ్ళి వచ్చింది. నవత వెళ్ళలేదు.

ఇక గొంతు సంగతి. పోయినేడు నిమజ్జనం అయ్యాక చారి గొంతు బొంగురుపోయింది. అరిచాడు కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాం. మిరియాల పాలు తాగాడు, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాడు. బీడీలు మాత్రం మానలేదు. సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది, గొంతు రాలేదు. ఫోన్ చేస్తే ఎవరో తెలియక పెట్టేసేవాళ్ళు. ఎండాకాలంలో నేనే కోప్పడి, స్టేషనుకు అవతల ఉన్న ఆస్పత్రికి తీసుకుపోయాను.

గొంతు డాక్టరు పేరు సత్యదేవ్. ముక్కులోంచి సన్నటి తీగలాంటి కెమెరా పంపి చూశాడు. ఎడమ స్వరతంతువు మీద ఏదో లేచి ఉందన్నాడు. అది మామూలు కాయో, క్యాన్సరో పైపైన చూసి చెప్పలేనని, మత్తిచ్చి పడుకోబెట్టి, నోట్లోంచి ఇనుప గొట్టం దింపి, స్వరపేటికను నిండా చూసి, ముక్క తీసి పరీక్షకు పంపాలని చెప్పాడు. తొందరగా చేస్తే మంచిదన్నాడు. డాక్టర్లు తొందర అనే మాట ఊరికే వాడరు.

మత్తు డాక్టరు శ్రీలలిత అని ఒకావిడ. నలభై ఏళ్ళుంటాయేమో. మత్తివ్వడానికి ముందు రోజు చారిని కూర్చోబెట్టి వింత వింత పనులు చేయించింది. నోరు తెరవమని మూడు వేళ్ళు నిలువుగా పెట్టి చూసింది. నాలుక చాపమంది. పై పళ్ళు ఎత్తుగా ఉన్నాయని గమనించింది. తల పైకెత్తి కప్పు చూడమంది. ఎన్నో ఏళ్ళుగా వంగి చెక్క చిత్రిక పట్టిన మెడ కదా, సగం దాకానే లేచింది. చివరికి గదవ కింద నుంచి గొంతు ముడి దాకా వేళ్ళతో కొలవాలంది. గడ్డం అడ్డం వచ్చింది. ఇది తీసేస్తే నాకు మీ గదవ ఎలా ఉందో తెలుస్తుంది, మత్తులో గాలి అందించే మాస్కు కూడా సందు లేకుండా అతుకుతుంది అని చెప్పింది.

చారి తల అడ్డంగా ఊపాడు. "మొక్కున్నది మేడం. కత్తి పెట్టొద్దు."

లచ్చమ్మ వెంటనే అందుకుంది. రాజన్న మొక్కు, ముప్పై ఏళ్ళ మొక్కు, దాన్ని ఆస్పత్రిలో తీస్తే మనిషికి అరిష్టం అని గట్టిగా చెప్పింది. నేనూ ఊరుకోలేదు. పెద్దమనిషి తరహాలో, దేవుడి విషయం కదమ్మా, మీ దగ్గర వేరే ఉపాయం ఉండే ఉంటుంది అన్నాను. శ్రీలలిత ఇబ్బందిపడింది. సరే అని గడ్డంలోకి వేళ్ళు పోనిచ్చి తడిమి చూసింది. ఫర్వాలేదు, ఎముక ముందుకే ఉంది అంది. మాకు అంతే కావాలి. దేవుణ్ణి గెలిపించుకున్నట్టు ముగ్గురం మొహాలు చూసుకున్నాం.

మర్నాడు పొద్దున లోపలికి తీసుకెళ్ళారు. లచ్చమ్మ, నవత, నేను బయట కుర్చీల్లో కూర్చున్నాం. గంటలో అయిపోతుందన్న పని చాలాసేపు పట్టింది. మధ్యలో ఒక నర్సు పరుగెత్తుతూ లోపలికి పోయింది. ఇంకో డాక్టరును పిలిపించారు. నవత మాస్కు లోపల పెదవులు కొరుక్కుంటోందని తెలుస్తూనే ఉంది. చారి పోతాడని మొదటిసారి ఆ కుర్చీలో అనుకున్నాను, ఆ ఆలోచనకు నాకు భయమేసింది.

శ్రీలలిత బయటికి వచ్చినప్పుడు ఆవిడ మొహం పాలిపోయి ఉంది. మనిషి క్షేమమే, మెలకువ వచ్చింది అని ముందు ఆ మాట చెప్పింది. తర్వాత మెల్లగా అంది, "చూడలేకపోయామండీ. లోపల ఏముందో మాకు కనపడలేదు."

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. మత్తు ఎక్కగానే కండరాలు వదులవుతాయి. చారి కింది దవడ ఒక్కసారిగా వెనక్కి పడిపోయింది, నాలుక దాంతోపాటు పడి దారి మూసేసింది. మాస్కు పెట్టి గాలి కొడదామంటే గడ్డం సందుల్లోంచి గాలి బయటికి పోయింది. పరికరం పెట్టి చూస్తే ఎత్తు పళ్ళు పైన అడ్డం, లేవని మెడ కింద అడ్డం. స్వరపేటిక మీది మూత అంచు మాత్రం కనపడింది, దాని వెనక ఏమీ కనపడలేదు. వంకర మూతి కుండలోకి తొంగి చూసినట్టన్న మాట. ఒంట్లో ఆక్సిజన్ పడిపోతుంటే ఇక లాభం లేదని మత్తు దింపేశారు. నిన్న తడిమినప్పుడు ముందుకే ఉన్న గదవ ఈరోజు ఎందుకు లేదో నాకు అర్థం కావడం లేదు అని ఆవిడ రెండుసార్లు అంది.

మళ్ళీ చెయ్యాలంటే వేరే పద్ధతి ఉందట. మనిషి మెలకువగా ఉండగానే గొంతు మొద్దుబారే మందు కొట్టి, ముక్కులోంచి కెమెరా తీగ మీదుగా గొట్టం దింపి, ఊపిరి దారి ఖాయమయ్యాకే మత్తివ్వాలి. అప్పుడు సత్యదేవ్ తీరిగ్గా చూసుకోవచ్చు. కానీ ఏది తప్పినా మాస్కు అతకాలి, అదీ తప్పితే మెడ మీద కోసి దారి చేయాలి. "గడ్డంతో ఆయన్ని నేను మళ్ళీ నిద్రపుచ్చనండీ. మీరు నన్ను ఏమనుకున్నా సరే" అంది శ్రీలలిత. ఆవిడ గొంతులో కోపం లేదు, భయం ఉంది. నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది.

చారి పగిలిన పెదవితో ఇంటికి వచ్చాడు. గడ్డం తీయనన్నాడు. తీయకపోతే చూడలేరు, చూడకపోతే అది ఏమిటో తేలదు, తేలేలోపు అది పెరుగుతుంది. ఇంత సూటి లెక్క ఆ మనిషి బుర్రకెక్కలేదు. రోజులు పోతున్నాయి. మెట్లెక్కితే ఊపిరిలో ఈల వినపడటం మొదలైంది. చవితి పందిరికి గుంజలు దింపారు. ఈసారి పాట నువ్వే కదా చారీ అని పిల్లలు అడిగితే నవ్వి ఊరుకున్నాడు. నేను రోజూ కిందికి దిగి తిట్టేవాణ్ణి. మొక్కు తీర్చుకోకుండా చస్తే రాజన్న సంతోషిస్తాడా అని అడిగాను. నవత ఏడ్చింది, అన్నం మానేసింది. చారి దేనికీ కదల్లేదు.

చివరికి లచ్చమ్మే ఒక దారి ఆలోచించింది. దేవుడి సంగతి దేవుడి దగ్గరే తేల్చుకుందాం, వేములవాడ పోయి అక్కడే గడ్డం ఇచ్చేద్దాం, అప్పుడు మొక్కూ తీరుతుంది డాక్టరమ్మ మాటా నిలుస్తుంది అంది. ఎంత తేలికైన మార్గం. ఇన్నాళ్ళూ మాకెందుకు తట్టలేదా అని నేనే సిగ్గుపడ్డాను. జూబ్లీ బస్టాండులో పొద్దున బస్సుకు బయలుదేరాలని అనుకున్నారు. తీరా పొద్దున చూస్తే చారి ఇంట్లో లేడు. ఫోన్ ఇంట్లోనే ఉంది.

నేను నేరుగా దుకాణానికి పోయాను. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. కొడితే తీశాడు. సగం చేసిన దర్వాజా చట్రం పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు. బస్సు పోతోంది లేవయ్యా అన్నాను. లేవలేదు. నాకు కోపం నషాళానికి అంటింది. నీ భార్య పూలూ పళ్ళూ సర్దుకుని గుమ్మంలో కూర్చుంది, నువ్వేమో ఇక్కడ చెక్కపొట్టులో దాక్కున్నావు, ఏం మనిషివి అని అరిచాను.

"మొక్కు లేదు రావు సాబ్" అన్నాడు. ఆ బొంగురు గొంతులో మాట సరిగ్గా వినపడలేదేమో అని మళ్ళీ అడిగాను. "ఎన్నడు సుత లేకుండె. రాజన్నకు నేనేం మొక్కలే. గాయన ముంగటికి పొయ్యి ఏమని తీయాలె?"

అప్పుడు చెప్పాడు. ఊపిరి తీసుకుంటూ, ఆగుతూ, చాలాసేపు చెప్పాడు. చిన్నప్పుడు బళ్ళో అతన్ని చిల్కమొకపోడు అనేవాళ్ళట. పై పళ్ళు ముందుకు, గదవ లోపలికి. గడ్డం మొలిచిన రోజు నుంచి కత్తి ముట్టలేదు. గడ్డం పెరిగేదాకా, పెరిగాక కూడా, ఎవరు దగ్గరికి వచ్చినా కింది దవడ ముందుకు తోసి పట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఫోటోలకు, పెళ్ళిలో, చివరికి శ్రీలలిత వేళ్ళు పెట్టినప్పుడు కూడా అదే చేశాడు. ఆవిడ చేతికి తగిలింది చారి గదవ కాదు, చారి పట్టుదల. నిద్రపుచ్చగానే అది జారిపోయింది. నిద్రలో గురక పెట్టి ఊపిరాగి ఉలిక్కిపడి లేచే మనిషి పక్కన లచ్చమ్మ ముప్పై ఏళ్ళు పడుకుంది గానీ, ఆ గడ్డం కింద ఏముందో ఆమెకూ తెలియదు.

ఇంత చిన్న విషయానికా అన్నాను. నిజంగానే అలా అనిపించింది. చారి నా వైపు చూశాడు.

"నాకైతె చిన్నదే సాబ్. ముసలోన్నయిన, ఎవడు నవ్వుతె నాకేంది. నవత చూస్తది. పురుడు దినం అందరు నా బిడ్డ మొకం చూసి ఎవల పోలిక అంటుంటె నాకు పరేషానయ్యి, గా నాంచారమ్మ మీద ఏసిన. నవ్వులాటకు అన్న మాట. తెల్లారి మర్చిపోతరనుకున్న. గదే నిలవడ్డది. బిడ్డ ఆ ముసలమ్మను కుక్కను కొట్టినట్టు కొట్టింది. నేను గడ్డం దువ్వుకుంట చూసిన. గిప్పుడు తీస్తె నా మొకమే చెప్తది."

నాకు నోరు ఆగలేదు. బతికుండగా ముసలమ్మను పోగొట్టింది చాలక ఆ పిల్లకు తండ్రిని కూడా పోగొడతావా అన్నాను. సిగ్గు దాచుకోవడానికి ప్రాణం అడ్డం పెడతావా, అంత ఖరీదైన మొహమా నీది అన్నాను. జబ్బుమనిషిని అనకూడని మాటలు ఇంకా అన్నాను. చారి దర్వాజా చట్రం మీద చెయ్యి పెట్టుకుని అన్నీ విన్నాడు. తీస్తానన్నాడు. వాళ్ళకు మీరు చెప్పొద్దు, నేనే చెప్పుకుంటానన్నాడు. ఎప్పుడు చెబుతావంటే ఉలి తీసుకుని చట్రం వైపు తిరిగాడు.

ఆ వారంలోనే శ్రీలలిత రోజు ఖాయం చేసింది. రాజన్న పటం ముందు దండం పెట్టి ఆస్పత్రికి పోయే పొద్దున తీసేస్తానని లచ్చమ్మకు చెప్పాడు, ఆమె ఆ పటాన్ని కళ్ళకద్దుకుంది. ఆ పొద్దున తల్లీ కూతురూ ముందుగా వెళ్ళి ఆస్పత్రిలో చేర్పించే పని చూస్తున్నారు. నేను చారిని సెలూనుకు తీసుకుపోయాను. గడ్డం కింద పడుతుంటే కళ్ళు మూసుకున్నాడు. తీరా చూస్తే నాకు తెలిసిన మనిషి కాదు, వేరెవరో. కాదు, బాగా తెలిసిన మొహమే. నవతను మగవాణ్ణి చేసి ముసలివాణ్ణి చేస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నాడు. నేను ఏదో అనేలోపు జేబులోంచి నవత మాస్కు ఒకటి తీసి పెట్టేసుకున్నాడు.

ఆస్పత్రిలో అందరికీ మాస్కులే కాబట్టి ఎవరూ అడగలేదు. లచ్చమ్మ బోడి చెంపలు చూసి ముక్కున వేలేసుకుంది. లోపలికి తీసుకుపోయే ముందు గదిలో శ్రీలలిత మళ్ళీ కొలుస్తానని మాస్కు తీయమంది. చారి నవతను బయటికి పంపమన్నట్టు నా వైపు చూశాడు. నేను కదల్లేదు. నవత తండ్రి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. చారి మాస్కు తీశాడు.

అలవాటుగా దవడ ముందుకు తోశాడు. తొయ్యకండి, వదిలేయండి, మొన్న నన్ను మోసం చేసింది ఇదే అంది శ్రీలలిత. వదిలేశాడు. మూడు వేళ్ళు పట్టాల్సిన చోట ఆవిడకు రెండు కూడా నిండా పట్టలేదు. ఆవిడ తల ఊపి, ఇప్పుడు నాకు దారి తెలిసింది అంది. తర్వాత మామూలుగా, రోజూ అడిగే ప్రశ్న అడిగినట్టే అడిగింది, "ఇది పుట్టుకతో వచ్చిందే. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా? ఉంటే వాళ్ళకు ఎప్పుడు మత్తివ్వాల్సి వచ్చినా ముందే చెప్పాలి. చెప్పకపోతే మొన్నటిలాగే అవుతుంది."

నవత చెయ్యి అతని చేతిలోంచి జారిపోవడం నేను చూశాను. అయినా అతను చెప్పాడు. ఉన్న కొద్ది గొంతునూ కూడదీసుకుని చెప్పాడు.

"నా బిడ్డకున్నది మేడం. నాదే వచ్చింది. నాంచారమ్మవ్వది కాదు."

నర్సు గొంతులో మందు కొట్టడానికి సిద్ధంగా ఉంది. బండి లోపలికి తోసుకుపోయారు. లచ్చమ్మ కుర్చీలో కూలబడింది. "ఇన్నేండ్లు నా పుట్టింటోళ్ళ మీద ఏసిండు సారూ" అంది నాతో, ఏడుపు లేకుండా. గిట్ల లోపల ఉన్నోన్ని తిట్టరాదు, తిట్టకుంటే నాకు పానం ఒప్పుత లేదు అంది. నవత మాత్రం గోడవైపు తిరిగి నిలబడింది. చాలాసేపటికి మాస్కు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయింది.

ఈసారి సత్యదేవ్ కూడా శ్రీలలిత వెంట బయటికి వచ్చాడు. అంత సులభంగా ఏమీ జరగలేదట. గొట్టం దిగాక కూడా తల కింద దిండు మార్చి, సన్నటి పరికరం తీసుకుని, నోటి మూల నుంచి పంపి, ఒకరు బయటి నుంచి గొంతు నొక్కి పడితే అప్పుడు కనపడిందట. నిండా కనపడింది, ముక్క తీశాం అన్నాడు సత్యదేవ్. చూసినంతలో తనకు అంత బాగా అనిపించలేదని కూడా దాచకుండా చెప్పాడు. రిపోర్టు వచ్చేదాకా మనిషి ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుస కూడా వద్దు అని మరీ మరీ చెప్పి పోయాడు.

వార్డులో చారి కళ్ళు తెరిచేసరికి నవత పక్కన కూర్చుని ఉంది. ఇద్దరి మొహాల మీదా ఏ అడ్డమూ లేదు. ఒకే మొహం ఇటొకటి, అటొకటి. నవత చాలాసేపు తండ్రిని చూసింది.

"ఆమె తెచ్చిన సకినాలు నేను బయట పారేసిన నాయినా" అంది. "నువ్వు చూసినవు. గప్పుడన్న చెప్పకపోతివి."

చారి నోరు తెరిచాడు. మాట్లాడొద్దన్నారు అని నవత అతని పెదవుల మీద చెయ్యి పెట్టింది. అతని కళ్ళు కారుతుంటే తుడవలేదు. నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు, మంచినీళ్ళ వంకతో బయటికి వచ్చేశాను.

రిపోర్టు రోజే బస్తీలో వినాయకుడి నిమజ్జనం. లడ్డూ పాట ఎవరో కుర్రవాడు మైకులో పాడుతున్నాడని, వినసొంపుగా లేదని మా ఆవిడ ఫోన్లో అంది. ఆస్పత్రిలో సత్యదేవ్ కాగితం చూసి, క్యాన్సరే అన్నాడు. మొదట్లోనే దొరికింది, కరెంటు పెడితే, అంటే రేడియేషన్ ఇస్తే, తగ్గే అవకాశం బాగానే ఉంది, కానీ గొంతు ఎంత మిగులుతుందో ఇప్పుడే చెప్పలేను, ఇంకో నెల ఆగి ఉంటే ఈ మాట కూడా చెప్పలేకపోయేవాణ్ణి అన్నాడు. లచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఇంకో నెల ఎవరి పుణ్యమా అని పోబోయిందో మా నలుగురికీ తెలుసు.

కరెంటు పెట్టేది వచ్చే సోమవారం నుంచి. ఇక కొద్దిగా మాట్లాడవచ్చని డాక్టరు చెప్పాడు. రోగులు ఆ మాట వినగానే తమ జబ్బు గురించే అడుగుతారు. చారి నవత వైపు తిరిగాడు. గాలి ఎక్కువ, గొంతు తక్కువ.

"నాంచారమ్మవ్వ ఊరికి పోదాం బిడ్డా. ఆమె పోయినప్పుడు నువ్వెందుకు రాలేదో ఆమె మనుషులందరికి నేను చెప్త. నా మొకం చూపెట్టి చెప్త. జెర నయమైనంక..."

"నయమైనంక వద్దు" అంది నవత. "సోమవారం లోపలే పోదాం నాయినా. నీకు గొంతున్నప్పుడే."